దీపస్తంభం దగ్గర ఓ పూట

"ఏమిటీవిడ, ఇన్నాళ్ళుగా కనబడటం లేదు, కలం పక్కన పడేసిందా ఏమిటి?" అనుకున్నారు కదూ? అదేం లేదండీ. మా అమ్మాయి పురిటికని జూన్ నెలాఖర్లో అమెరికా వెళ్ళి, నవంబరులో తిరిగొచ్చా. మావారు మా అత్తగారికి తోడుగా బందరులోనే ఉండిపోయారు. రోజూ ఫోన్ చేసి "చారులో పోపు ముందు వెయ్యాలా, తర్వాతా?" అని అడుగుతూ ఆ నాలుగైదు నెలలూ ఎలాగో గట్టెక్కించారు, పాపం.

అమ్మాయి వాళ్ళుండేది న్యూజెర్సీ రాష్ట్రంలో ఎడిసన్ అనే ఊరు. అక్కడ ఓక్ ట్రీ రోడ్డు మీదికి వెళ్తే గోంగూర, దొండకాయలు, కరివేపాకు, చివరికి ఇడ్లీ రవ్వతో సహా అన్నీ దొరుకుతాయి. ఇంటి నుంచి మోసుకెళ్ళిన సామాను చూసి నాకే నవ్వొచ్చింది. ఆ ఊరి కబుర్లు ఇంకో వారం చెబుతా. ఇవాళ చెప్పేది ఒక్క రోజు సంగతి. సెప్టెంబరులో ఒక శనివారం మేం కేప్ మే అనే ఊరి దగ్గర లైట్ హౌసు చూడటానికి వెళ్ళాం. చూడ్డానికి వెళ్ళింది లైట్ హౌసునే గాని, ఆ రోజు నేను నిజంగా చూసింది మా అమ్మాయిని. అదెలాగో చెబుతా వినండి.

బాబు జులై మొదటివారంలో పుట్టాడు. తల్లీ బిడ్డా క్షేమం. బారసాల ఇంట్లోనే చేసుకున్నాం. వెల్లుల్లి కారం, శొంఠిపొడి, వాము అన్నం, పాతబియ్యం అన్నీ దగ్గరుండి పెట్టా. పథ్యం దగ్గర నన్ను వంక పెట్టేవాళ్ళు లేరని మీకూ తెలుసు. కానీ పిల్ల మొహంలో కళ లేదు. బాబు ఏడిస్తే ఎత్తుకునేది, పాలిచ్చేది, పడుకోబెట్టేది. అన్నీ చేసేది గాని యంత్రంలాగా చేసేది. వాడు నిద్రపోయినా తను నిద్రపోయేది కాదు. స్నానాల గదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి చాలాసేపు బయటికి వచ్చేది కాదు. వచ్చాక చూస్తే కళ్ళు ఎర్రగా ఉండేవి.

నేనేమన్నానో చెబితే మీరు నన్ను తిడతారు. "మేమంతా కనలేదా? బావిలో నీళ్ళు తోడుకుంటూ, కట్టెల పొయ్యి ఊదుకుంటూ కన్నాం. నీకు గిన్నెలు కడగడానికి మిషను, గుడ్డలు ఉతకడానికి మిషను, వండి పెట్టడానికి నేను. ఇంకా ఏడుపెందుకే?" అన్నా. ఒకసారి కాదు, నాలుగైదు సార్లు అన్నా. మా అల్లుడు గారు నెమ్మదస్తుడు. వినీ విననట్టు పక్కకి వెళ్ళిపోయేవారు.

ఆయనే ఒక శుక్రవారం రాత్రి, "అత్తయ్య గారూ, రేపు ఎక్కడికైనా వెళ్దాం. తను ఇల్లు కదిలి చాలా రోజులైంది" అన్నారు. నెలల పిల్లాణ్ణి ఆ సముద్రపు గాలికి తీసుకెళ్ళడమేమిటని నేను గొణిగా. కానీ ఆయన అప్పటికే డాక్టరునడిగి, బాబుకి టోపీ, దుప్పటి, ఎండ తగలకుండా బండికి పైకప్పు అన్నీ సిద్ధం చేసి పెట్టుకున్నారు. ఇక నేను పులిహోర కలిపా, పెరుగన్నం డబ్బాలో సర్దా.

ఎడిసన్ దగ్గర్నుంచి గార్డెన్ స్టేట్ పార్క్‌వే అనే పెద్ద రోడ్డు పట్టుకుంటే అది తిన్నగా కేప్ మే దాకా తీసుకెళ్తుంది. దానిమీద దిగే దారుల నంబర్లు మైళ్ళని బట్టి వేశారు. మా ఇంటి దగ్గర నంబరు 131. అక్కణ్ణుంచి దక్షిణానికి వెళ్తున్న కొద్దీ నంబరు తగ్గుతూ తగ్గుతూ, రోడ్డు అయిపోయేచోట సున్నా. అంటే ఆ రాష్ట్రం కొస అన్నమాట. ఆ కొస నేలకి ఒకపక్క అట్లాంటిక్ మహాసముద్రం, ఇంకోపక్క డెలావేర్ అఖాతం.

దారిలో పొద్దుపోక నేనే కబుర్లు మొదలుపెట్టా. మా చిన్నప్పుడు కార్తీక మాసంలో మంగినపూడి సముద్ర స్నానానికి వెళ్ళిన కబుర్లు. అక్కడ కూడా లైట్ హౌసుంది కదా. నాకు పదేళ్ళుంటాయి. మా నాన్నగారు తమ్ముణ్ణి వెంటేసుకుని పైకి బయల్దేరారు. నేనూ పరిగెత్తా. "ఆడపిల్లవి, నీకెందుకే అంతెత్తు? అమ్మ దగ్గర కూర్చుని చెప్పులు చూసుకో" అన్నారు. అందరి చెప్పులూ వరసగా పేర్చుకుని ఇసకలో కూర్చున్నా. తమ్ముడు పైనుంచి చెయ్యి ఊపుతుంటే కిందనించి నేనూ ఊపా. ఇది చెప్పి నవ్వేశా. అమ్మాయి నవ్వలేదు. కారు అద్దంలోంచి బయటికి చూస్తూ, "మళ్ళీ ఎప్పుడైనా ఎక్కావా అమ్మా?" అంది. లేదన్నా. ఆ తర్వాత పెళ్ళి, మీరు, మీ చదువులు. లైట్ హౌసు ఎవరిక్కావాలి?

ఆ దేశంలో స్టేట్ పార్క్ అంటే మన పార్కుల్లాగా ఉయ్యాలా జారుడుబల్లా కాదండోయ్. రాష్ట్ర ప్రభుత్వం చెట్లనీ చెరువుల్నీ ఇసకదిబ్బల్నీ ఉన్నదున్నట్టు కాపాడుతూ ఉంచిన చోటు. కేప్ మే పాయింట్ పార్కు 244 ఎకరాలు. లోపలికి వెళ్ళడానికి డబ్బు లేదు, లైట్ హౌసు ఎక్కాలంటే మాత్రం వేరే టిక్కెట్టు. చెరువుల మీదుగా, రెల్లు పొదల మధ్యనుంచి చెక్కలతో నడక దారి వేశారు. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళు కూడా వెళ్ళేలా చదునుగా ఉంది. మా బుజ్జిగాడి బండి కుదుపు లేకుండా సాగిపోయింది.

శరదృతువులో ఆ కొసకి ఎక్కడెక్కడి పక్షులూ వచ్చి చేరతాయట. ఉత్తరాన చలి మొదలయ్యేసరికి దక్షిణానికి వలసపోయే డేగలూ గద్దలూ, ముందున్న నీళ్ళు దాటే ముందు అక్కడ ఆగుతాయి. వాటిని లెక్కపెట్టడానికే ఒక పెద్ద చెక్క మంటపం కట్టారు. 1976 నుంచి ఏటా లెక్క రాస్తున్నారు. చేటంత కెమెరాలు మెళ్ళో వేసుకుని ముసలీ ముతకా అందరూ ఆకాశంకేసి చూస్తూ నిలబడ్డారు. ఎవరూ గట్టిగా మాట్లాడరు. ఇంకో వింత, నారింజ రంగు సీతాకోకచిలుకలు. మోనార్క్ అంటారు. పసుప్పచ్చ పూల గుబుర్ల మీద వాలి ఉన్నాయి. అంత చిన్న ప్రాణులు అక్కణ్ణుంచి మెక్సికో కొండల దాకా, రెండు వేల మైళ్ళకి పైగా ఎగురుతూ వెళ్తాయట. కొందరు వాటిని మెల్లగా పట్టుకుని, రెక్క మీద చిన్న చీటీ అంటించి వదిలేస్తారు. ఎక్కడిదాకా వెళ్ళాయో తెలుసుకోవడానికి.

ఇక లైట్ హౌసు. లేత గోధుమరంగు గోపురం, నెత్తిన ఎర్రటి టోపీ పెట్టినట్టు దీపం గది. 157 అడుగుల ఎత్తు. ఇప్పుడున్నది 1859లో కట్టింది. ఆ ప్రాంతంలో ఇది మూడోదట. మొదటిది 1823లో కట్టారు. దాని చుట్టూ నేలని సముద్రం కోసుకుపోయింది. 1847లో ఇంకొకటి కట్టారు. అది సరిగ్గా కట్టక నిలవలేదు. మూడోది మాత్రం నూట అరవై ఏళ్ళు దాటినా చెక్కుచెదరలేదు. ఇప్పటికీ రాత్రిపూట పదిహేను సెకన్లకోసారి వెలిగి ఓడలకి దారి చూపిస్తుంది.

దీపం నూనెతో వెలిగే రోజుల్లో కాపలావాళ్ళు నూనె డబ్బాలు చేత్తో పట్టుకుని ఆ మెట్లన్నీ ఎక్కేవాళ్ళు. వత్తి కత్తిరించడం, మసి తుడవడం, గాజు మెరిసేలా రుద్దడం. వింటుంటే నాకు మన దీపావళి ప్రమిదలూ, కరెంటు పోయిన రాత్రుల లాంతరు చిమ్నీలూ గుర్తొచ్చాయి. ముగ్గు పెట్టి చిమ్నీ తుడవని ఆడది మన తరంలో ఉందా చెప్పండి? దీపం చుట్టూ పెద్ద గాజు కటకం ఉండేది. ఫ్రెనెల్ అనే ఫ్రెంచి ఆయన కనిపెట్టిన పద్ధతి అది. చుట్టూ చెదిరిపోయే వెలుగుని ఒకచోటికి పోగుచేసి దూరానికి పంపిస్తుంది. 1946లో ఈ లైట్ హౌసుని మనిషి అవసరం లేకుండా దానంతటది వెలిగేలా మార్చి, ఆ పాత కటకం తీసేశారు. ఇప్పుడది ఆ జిల్లా మ్యూజియంలో ఉంది. తర్వాత స్థానికులు ఒక సంఘంగా పూనుకుని గోపురాన్ని బాగుచేయించి, 1988 నుంచి జనాన్ని ఎక్కనిస్తున్నారు.

లోపల ఇనప మెట్లు గుండ్రంగా తిరుగుతూ పైకి వెళ్తాయి. 199 మెట్లు. పసిపిల్లాడితో అందరం ఒకేసారి ఎక్కడం కుదరదు. అల్లుడు గారు, "బాబు నా దగ్గరుంటాడు. నువ్వొక్కదానివే వెళ్ళిరా" అన్నారు అమ్మాయితో. "బాలింత, అన్ని మెట్లా!" అని నేను అడ్డం పడ్డా. "డాక్టరు నడవమన్నారు, మెల్లగా ఎక్కుతుంది లెండి" అన్నారాయన. అది నా మొహంకేసి కూడా చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది. చేతిలో సంచీ లేదు, భుజం మీద పిల్లాడు లేడు. వెనకనించి చూస్తే కాలేజీకి వెళ్ళే రోజుల్లోలాగే ఉంది.

అల్లుడు గారు బాబుని తీసుకుని నీడలోకి వెళ్ళారు. నేను బెంచీ మీద సామాను దగ్గర కూర్చున్నా. మళ్ళీ చెప్పుల కాపలాయే అనుకుని నాలో నేనే నవ్వుకున్నా. పావుగంటయింది. ఇరవై నిమిషాలయింది. మెడ నొప్పెట్టేలా పైకి చూస్తున్నా. పైన చుట్టూ కటకటాల వరండాలో మనుషులు చీమల్లా కనిపిస్తున్నారు. అరగంట దాటాక వచ్చింది. వచ్చి నా పక్కన కూర్చుంది. చెంపలు గాలికి ఎర్రబడ్డాయి.

"అమ్మా, పైన నిలబడితే మూణ్ణెల్లలో మొదటిసారి ఊపిరాడినట్టనిపించింది. కిందకి రాబుద్ధి కాలేదు" అంది.

నా గుండె జారిపోయింది. "అదేం మాటే?" అన్నా.

"భయపడకు. నువ్వనుకునేది కాదు. కానీ ఎక్కడికైనా పారిపోవాలని మాత్రం చాలాసార్లనిపించింది. బాబుని చూస్తే అందరికీ వచ్చినట్టు నాకు ప్రేమ రావట్లేదమ్మా. నేను చెడ్డదాన్నా?" అంది.

నాకు నోట మాట రాలేదు. అది చెబుతూనే ఉంది. బాబుని చూపించడానికి వెళ్ళినప్పుడు పిల్లల డాక్టరు దగ్గర తల్లికి ఒక కాయితం ఇచ్చారు. పది ప్రశ్నలు. ఈ వారం రోజుల్లో మీకు నవ్వొచ్చిందా, నిద్ర పట్టిందా, ఊరికే దిగులేసిందా, అలాంటివి. బిడ్డని చూపించడానికొస్తే తల్లిని ఈ ప్రశ్నలేమిటని ఆ రోజు నేను మూతి కూడా విరిచా. "ఆ కాయితంలో అన్నీ అబద్ధాలు రాశానమ్మా. నువ్వు పక్కనే కూర్చున్నావు. చూస్తే ఏమనుకుంటావో అని" అంది.

ఏం చెప్పమంటారు? కన్నకూతురు నిజం రాయడానికి అడ్డం నేనయ్యా. పాతబియ్యం, వెల్లుల్లి కారం పెట్టి గొప్ప తల్లిననుకున్నా. దాని నోరు నేనే నొక్కేశా.

అప్పుడు దానికి ఒక సంగతి చెప్పా. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పంది, మావారిక్కూడా చెప్పంది. దాని తమ్ముడు పుట్టినప్పుడు నాకూ ఇలాగే అయింది. పెరట్లో గోలెం పక్కన కూర్చుని చప్పుడు కాకుండా ఏడ్చేదాన్ని. పిల్లాడేడుస్తున్నా లేవబుద్ధయ్యేది కాదు. గాలి సోకిందని ఒకరు తాయెత్తు కట్టారు. పని ఎగ్గొట్టడానికి నాటకమని ఇంకొకరన్నారు. ఎన్నాళ్ళకి తగ్గిందో నాకే తెలీదు. తగ్గాక, అసలు రానట్టే మర్చిపోయా. మర్చిపోయి, నన్నన్న మాటలే నా కూతుర్ని అన్నా.

అది నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. తర్వాత అదే, "నువ్వూ ఎక్కమ్మా" అంది. "నాకెందుకే, మోకాళ్ళు" అన్నా. "చెప్పులు నేను చూస్తాలే" అంది. ఆ రోజు మొదటిసారి నవ్వింది. ఇక ఎక్కకుండా ఎలా ఉంటాను?

చీర కుచ్చెళ్ళు కాస్త పైకి దోపి మొదలుపెట్టా. మొదటి యాభై మెట్లు సులువే. తర్వాత ఆయాసం. మధ్యమధ్య ఆగడానికి మలుపులున్నాయి, ఒక్కోచోట కిటికీ. ఒక్కో కిటికీలోంచి సముద్రం కొంచెం కొంచెం పెరుగుతూ కనిపిస్తుంది. ఇనప మెట్ల సందుల్లోంచి కిందకి చూస్తే కళ్ళు తిరిగాయి. చూడ్డం మానేసి మెట్లు లెక్కపెట్టుకుంటూ ఎక్కా. నూట ఇరవై దగ్గర దిగిపోదామనిపించింది. ఎదురుగా దిగుతున్న ఒక తెల్లావిడ గోడవైపు ఒదిగి నాకు దారిచ్చి, ఇంకాస్తే అన్నట్టు వేళ్ళు చూపించింది. ఆవిడ ఇంగ్లీషు నాకు సగమే అర్థమైంది గాని, ఆ ఇంకాస్త మాత్రం పూర్తిగా అర్థమైంది.

పైకి చేరాక గాలి చెంపదెబ్బలా తగిలింది. కమ్మీ గట్టిగా పట్టుకుని కళ్ళు తెరిచా. ఒకవైపు మహాసముద్రం, ఒకవైపు అఖాతం, రెండు నీళ్ళూ కలిసేచోటు తెల్లగా నురగ. హంసలదీవిలో కృష్ణమ్మ సముద్రంలో కలిసేచోటు గుర్తొచ్చి చెయ్యెత్తి దణ్ణం పెట్టుకున్నా. ఒడ్డున పెద్ద సిమెంటు కట్టడం ఒకటి కనిపించింది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942లో, శత్రువుల ఓడల్ని కాచుకోవడానికి కట్టిన ఫిరంగుల కోట అది. కట్టినప్పుడు సముద్రానికి 900 అడుగుల దూరంలో ఉండేదట. ఇప్పుడు బీచిలోనే ఉంది. సముద్రం అంత లోపలికి వచ్చేసిందన్నమాట. కింద బెంచీ దగ్గర నీలం చుడీదారు వేసుకున్న చిన్న బొమ్మ చెయ్యి ఊపుతోంది. నేనూ ఊపా. ఈసారి పైనుంచి.

ఒంటరిగా ఎక్కినా, దిగేటప్పుడు ఒక నిర్ణయంతో దిగా. సోమవారం పొద్దున్నే డాక్టరుకి ఫోన్ చెయ్యాలి. ఆ కాయితం మళ్ళీ రాయించాలి. ఈసారి నేను గది బయట కూర్చోవాలి.

చెట్టుకింద బల్ల మీద పులిహోర తిన్నాం. అమ్మాయి రెండోసారి పెట్టించుకుంది. తింటూ ఉండగా అల్లుడు గారు ఒక కథ చెప్పారు. న్యూయార్క్ హార్బరులో రాబిన్స్ రీఫ్ అనే లైట్ హౌసు ఉంది. చుట్టూ నీళ్ళు, మధ్యలో అదొక్కటే. కేట్ వాకర్ అనే ఆవిడ భర్తతో పాటు అక్కడికి కాపురానికి వచ్చింది. జర్మనీ నుంచి వలస వచ్చిన మనిషి. నాలుగు అడుగుల పది అంగుళాల ఎత్తు. ఎటు చూసినా నీళ్ళేనని దిగులుపడి, మొదట్లో పెట్టెలు కూడా విప్పనందట. తర్వాత కొంచెం కొంచెంగా విప్పుకుందట. భర్త న్యుమోనియాతో పోతూ, దీపం చూసుకోమని చెప్పి పోయాడంటారు. ఆవిడ 1919 దాకా ఆ దీపం చూసుకుంది. పిల్లల్ని పడవలో తనే తెడ్డు వేసుకుంటూ బడికి దింపింది. మునిగిపోయేవాళ్ళని యాభైమంది దాకా కాపాడిందంటారు. ఇప్పుడు అమెరికా కోస్ట్ గార్డు వాళ్ళ ఓడ ఒకదానికి ఆవిడ పేరుంది.

కథంతా విని మా అమ్మాయి, "నేనింకా పెట్టె విప్పలేదు, అంతే కదూ?" అంది, ఎటో చూస్తూ. ఎవరం ఏమీ అనలేదు. అల్లుడు గారు బాబుని తీసి దాని ఒళ్ళో పెట్టారు.

సాయంత్రం పక్కనే ఉన్న సన్‌సెట్ బీచికి వెళ్ళాం. అక్కడ నీళ్ళలో ఒక ఓడ ముక్కలు కనిపిస్తాయి. సిమెంటు ఓడండీ! మొదటి ప్రపంచ యుద్ధంలో ఉక్కు దొరక్క కాంక్రీటుతో కట్టారు. పేరు అట్లాంటస్. 1926లో అక్కడికి తెస్తే తుఫానుకి తాళ్ళు తెగి ఒడ్డున కూరుకుపోయింది. 2020లో మన విశాఖ తెన్నేటి పార్కు దగ్గరికి బంగ్లాదేశ్ ఓడ కొట్టుకొచ్చిందే, అలాగ. ఇది మాత్రం కదల్లేదు, కొంచెం కొంచెంగా కరిగి ఇప్పుడు కాస్తే మిగిలింది. ఆ ఒడ్డున తెల్లగా నిగనిగలాడే రాళ్ళు దొరుకుతాయి. కేప్ మే వజ్రాలంటారు. వజ్రాలు కావు, స్ఫటికం రాళ్ళు. ఎక్కడో పైన డెలావేర్ నదిలో బయల్దేరి, దొర్లి దొర్లి నునుపెక్కి అక్కడికి చేరతాయి. నేను నాలుగేరి కొంగున కట్టుకున్నా. ఇప్పుడవి మా తులసికోట దగ్గరున్నాయి.

సోమవారం డాక్టరు దగ్గరికి వెళ్ళాం. నేను బయటే కూర్చున్నా. కానుపయ్యాక మొదటి వారం పది రోజులు ఏడుపు, చిరాకు చాలామందికి వస్తాయి, వాటంతటవే పోతాయి. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే అది జబ్బు. బద్ధకం కాదు, గాలి కాదు, పొగరు అంతకన్నా కాదు. ఏడెనిమిది మంది తల్లుల్లో ఒకరికి వస్తుందట. మాట్లాడించే వైద్యం ఉంది, అవసరమైతే మందులున్నాయి. పాలిచ్చే తల్లులకి ఇవ్వగలిగిన మందులు కూడా ఉన్నాయి, అవి డాక్టరే చూసి ఇవ్వాలి. మా అమ్మాయికి వారానికోసారి మాట్లాడే ఏర్పాటు చేశారు. రాత్రిపూట ఒకసారి బాబుకి పాలు పట్టే పని అల్లుడు గారు తీసుకున్నారు, పిల్లకి వరసగా ఐదు గంటల నిద్ర దొరికింది. మంత్రం వేసినట్టు ఒక్కరోజులో తగ్గలేదు. మంచి రోజులూ చెడ్డ రోజులూ కలిసే వచ్చాయి. నేను విమానమెక్కే నాటికి మంచి రోజులు ఎక్కువయ్యాయి. మొన్న ఫోన్లో బాబు బోర్లా పడ్డాడని చెబుతూ గలగలా నవ్వింది. ఆ నవ్వు విని ఇక్కడ నా కళ్ళు చెమర్చాయి.

మీ ఇంట్లోనూ బాలింత ఉంటే ఆమె తిన్నదా లేదా అని మాత్రమే కాదు, నిద్రపోయిందా, నవ్విందా అని కూడా చూడండి. "మేమంతా కనలేదా" అనే మాట మాత్రం నాలుక చివరిదాకా వచ్చినా మింగేయండి. ఆసుపత్రికి వెళ్ళడానికి మొహమాటపడితే 14416కి ఫోన్ చెయ్యొచ్చు. టెలిమానస్ అని ప్రభుత్వం వాళ్ళు 2022లో పెట్టారు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు. తనని తాను గాని బిడ్డని గాని ఏమైనా చేసుకుంటానన్న మాట నోట వస్తే మాత్రం ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

పిల్లల దగ్గరికి వెళ్ళి, ఆ పార్కు చూడాలనుకునేవాళ్ళకి నాలుగు మాటలు. కాళ్ళకి మెత్తటి బూట్లు వేసుకోండి, జారే చెప్పులతో ఆ ఇనప మెట్లు ఎక్కొద్దు. మోకాళ్ళ నొప్పులు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరునడిగి ఎక్కండి. లైట్ హౌసు తెరిచే వేళలు కాలాన్ని బట్టి మారతాయి, ముందే కనుక్కోండి. ఆ పార్కు బీచిలో స్నానం చెయ్యనివ్వరు, నడవడానికి మాత్రమే. ఇసకదిబ్బల మీద గడ్డి తొక్కకూడదు, నేలని సముద్రం కోసుకుపోకుండా ఆపేది ఆ గడ్డే. చెత్తబుట్టల కోసం వెతక్కండి, మన చెత్త మనమే వెనక్కి తెచ్చుకోవాలి. ఒక ఖాళీ సంచీ దగ్గరుంచుకుంటే మంచిది.

ఇక పులిహోర సంగతి. ప్రయాణానికి పట్టుకెళ్ళేటప్పుడు అన్నం కాస్త పలుకుగా వార్చి, పళ్ళెంలో ఆరబోసి, నువ్వులనూనె, పసుపు కలిపి పూర్తిగా చల్లారాకే చింతపండు గుజ్జు పట్టించండి. గుజ్జుని నూనె పైకి తేలేదాకా ఉడికించాలి. డబ్బాలో పెట్టేటప్పుడు వేడి లేకుండా చూసుకోండి. సాయంత్రం దాకా చెక్కుచెదరదు.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తా. పోయిన ఆదివారం మావారితో మంగినపూడి వెళ్ళా. ఆయన పైకి ఎక్కుదామా వద్దా అని చూస్తుంటే, "మీరు కూర్చోండి, చెప్పులు చూసుకోండి. ముందు నేను వెళ్ళొస్తా" అన్నా. ఆయన మొహం మీరు చూడాల్సింది!

వచ్చే వారం ఓక్ ట్రీ రోడ్డు కబుర్లతో మళ్ళీ కలుద్దాం.